డిటెక్టివ్ రచయిత ఏం చదివాడు?

పెద్ద రచయితల విషయంలో ఎవరి పుస్తకాలు చదివి పెరిగారు, ఏ వేళ రాశారు, ఎవరంటే ఇష్టపడ్డారు అని ఆరా తీస్తాం. దాని మీద సిద్ధాంత వ్యాసాలు కూడా వస్తాయి. డిటెక్టివ్ నవలలు రాసిన మనిషి విషయంలో ఆ ప్రశ్నలేవీ వేయం. 'కాలక్షేప సాహిత్యం' అని ఒక ముద్ర వేసి అలమరలో కింది అరకి తోసేస్తాం. ముద్ర వేయడం సులువు. కాని ఆ పుస్తకాల్ని రిక్షా తొక్కేవాడు చదివాడు, గుమాస్తా చదివాడు, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఇల్లాలు చదివింది. ప్రజల గురించి మాట్లాడే విమర్శకి ప్రజలు చదివిందేమిటో పట్టకపోతే ఎలా? అందుకే కొమ్మూరి సాంబశివరావు గురించి రాయాలనుకున్నాను.

1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో మొదలైంది. అదే తెనాలిలో 1926లో కొమ్మూరి పుట్టాడు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ అక్కడే, 1909లో. పైగా కొమ్మూరి చలానికి తమ్ముడి కొడుకు. తల్లి పద్మావతీదేవి రచయిత్రి, నటి. అంటే యుగంధర్‌ని సృష్టించిన మనిషి ఎక్కడో పుస్తకాల వ్యాపారం చేసుకునే ఇంట్లోంచి ఊడిపడలేదు. సంస్కారాల మీద తిరగబడ్డ ఇంట్లోంచి, వాడుకభాషని ఊపిరిగా చేసుకున్న ఇంట్లోంచి వచ్చాడు. మరి ఆ ఇంటి తిరుగుబాటు డిటెక్టివ్ నవలలోకి ఎందుకు రాలేదు? నా ప్రశ్న ఇదే.

దీనికి జవాబు కొంతవరకు ఆయన చదువులో దొరుకుతుంది. తెలుగులో అపరాధ పరిశోధక నవల బెంగాలీ నుంచి, ముఖ్యంగా పాంచ్‌కడీ దే అనువాదాల ద్వారా వచ్చింది. గ్రాంథికంలో సాగే ఆ నవలల్లో మారువేషాలు, సొరంగాలు, విషాలు దండిగా వుండేవి. తర్వాత తరం ఇంగ్లీషులో నేరుగా చదివింది. ఆ చదివినవాళ్ళలో కొమ్మూరిని పాఠకలోకం 'ఆంధ్రా ఎడ్గార్ వాలెస్' అంది. పొగడ్తగానే అన్నా, ఆ పేరులో సాహిత్య చరిత్ర కూడా వుంది. హోమ్స్ లాగా గదిలో కూర్చుని సిగరెట్టు బూడిద చూసి తర్కించే పద్ధతి యుగంధర్‌ది కాదు. అతను కారెక్కి బయల్దేరతాడు, వెంట అసిస్టెంటు రాజు, ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఒక అధ్యాయంలో శవం, మరో అధ్యాయంలో బెదిరింపు, ఇంకో అధ్యాయంలో వెంటాడటం. ఈ నడక వాలెస్‌ది.

ఆ వాలెస్ ఎవరు? 1875లో లండన్ పేదపేటలో పుట్టి, చేపల మార్కెట్టు కూలి ఇంట్లో పెరిగి, పన్నెండేళ్ళకే బడి మానేసి పేపర్లమ్మినవాడు. సిపాయిగా దక్షిణాఫ్రికా వెళ్ళి, అక్కడే పత్రికా విలేఖరి అయ్యాడు. 1905లో తొలి నవల సొంత ఖర్చుతో అచ్చేసి, పాఠకులకి బహుమతి ప్రకటించి నష్టపోయాడు. ఆ తర్వాత నవలని చేత్తో రాయడం తగ్గించి నోటితో చెప్పడం మొదలెట్టాడు. తాను యంత్రంలోకి చెబుతూంటే పక్కగదిలో టైపు అయ్యేది. ఒక శని ఆదివారాల్లో ఒక నవల ముగించాడంటారు. ఇంత చేసి 1932లో హాలీవుడ్‌లో చనిపోయేటప్పటికి మిగిలింది అప్పులే. పేదవాడు రచయిత అయ్యాడు సరే. ఆ కలం ఎవరి పక్షాన నిలిచింది? ఆఫ్రికా మీద అతను రాసిన కథల్లో బ్రిటిష్ అధికారి తండ్రి, నల్లవాళ్ళు పిల్లలు. ఆకలి తెలిసినంత మాత్రాన ఆకలికి కారణం తెలుస్తుందని నమ్మేవాళ్ళు వాలెస్‌ని ఒకసారి చూడాలి.

ఇక రాత అలవాటు. తెలుగు పాకెట్ బుక్ డిటెక్టివ్ నవల అంగడి కొలతకి కుట్టిన చొక్కా. ప్రచురణకర్తకి వరసగా పుస్తకాలు కావాలి, పేజీల లెక్క ముందే ఖాయం. గుంటూరు బ్రాడీపేటలో నేను చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల బంకువాడు రోజుకింత అని తీసుకునేవాడు. రెండో రోజుకి మళ్ళీ డబ్బివ్వాలి కనక పుస్తకం ఒక్క రాత్రిలో అయిపోవాలి. ఈ లెక్కే నవల రూపాన్ని నిర్ణయించింది. మొదటి పేజీలోనే హత్య, వర్ణనకి చోటు లేదు, కథంతా సంభాషణలోనే, అధ్యాయం చివర ఒక తలుపు చప్పుడు. పాత్రకి గతం వుండదు, అవసరం మాత్రమే వుంటుంది. నాయకుడు ప్రతి పుస్తకంలోనూ అదే వయసులో, అదే మాటతీరుతో వస్తాడు. తయారీ పద్ధతి వస్తువుని ఎలా శాసిస్తుందో సాహిత్య విద్యార్థికి చూపించాలంటే ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

కొమ్మూరికి చెందాల్సింది కూడా చెప్పాలి. పొట్టి వాక్యం, సమాసాల బరువు లేని మాట, చదువు తక్కువైనవాడు కూడా ఆగకుండా చదవగలిగే వచనం ఆయన సొత్తు. అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళని పుస్తకం ముగించేవాళ్ళుగా చేసిన పని చిన్నది కాదు. మన కథకులు చాలామంది సిగ్గుపడి చెప్పరుగాని, వాళ్ళ తొలి చదువు ఇదే. ఇంకొకటి: యుగంధర్ నేరం వెనక మనిషి చెయ్యినే వెతుకుతాడు. 1980ల్లో యండమూరి 'తులసిదళం' లాంటి నవలలు కాష్మోరాని వారపత్రికల్లోకి తెచ్చి, చేతబడి నిజమేనేమో అన్న అనుమానాన్ని పాఠకుడి బుర్రలో వదిలాయి. దాని పక్కన పెట్టి చూస్తే పాత డిటెక్టివ్ హేతువాది.

అయితే అతని హేతువు బంగళా ప్రహరీ దాటదు. హత్య మద్రాసులో, లక్షాధికారి ఇంట్లో. కారణం ఆస్తి, వీలునామా, బ్లాక్‌మెయిల్. లక్షాధికారిని ఎవరు చంపారన్నది ప్రశ్న. అతనికి లక్షలు ఎలా వచ్చాయన్నది ప్రశ్నే కాదు. హంతకుడెవరో చివరిదాకా తెలియదు, కాని శిక్ష మాత్రం ఖాయం. పోలీసు కాస్త ఆలస్యంగా వస్తాడేమో గాని, అన్యాయం వైపు రాడు.

ఈ సూత్రాన్ని మా నేల మీద పెట్టి చూడండి. 1991 ఆగస్టు 6న, తెనాలికి కూతవేటు దూరంలో, చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో ఇరవై ఒక్కరికి యావజ్జీవం, ముప్ఫై అయిదుగురికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. హతుల పేర్లు లోకమంతటికీ తెలుసు, సాక్షులు బోనెక్కి చెప్పారు. అయినా శిక్ష నిలవలేదు. యుగంధర్ నవలల్లో ఇలాంటి ముగింపుకి చోటుందా?

ఇంకొక కేసు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని మింగింది. మందు మీద మందు చల్లినా పురుగు చావలేదు. అప్పిచ్చిందీ మందమ్మిందీ చాలాచోట్ల ఒకడే. రైతు చివరికి ఆ మందే తాగాడు. సీసా మీద వేలిముద్రలు అతనివే. డిటెక్టివ్ నవల లెక్కలో ఇక కేసు లేదు. అసలు కేసు అక్కణ్ణించే మొదలవుతుందని నేనంటాను.

'ఆ ప్రక్రియ స్వభావమే అంత, దాన్నుంచి ఇది ఆశించకూడదు' అనేవాళ్ళున్నారు. ఒప్పుకోను. అమెరికాలో డాషియల్ హామెట్ పింకర్టన్ కంపెనీలో డిటెక్టివ్‌గా పనిచేసి, 1929లో 'రెడ్ హార్వెస్ట్' రాశాడు. సమ్మె విరగ్గొట్టడానికి గని యజమాని రౌడీల్ని దింపితే ఆ రౌడీలే ఊరుని ఏలుతారు. నేరం ఎక్కణ్ణించి పుట్టిందో నవలే చెబుతుంది. 1951లో హామెట్ పేర్లు బయటపెట్టనన్నందుకు జైలుకి వెళ్ళాడు. బ్రెహ్ట్ డిటెక్టివ్ నవలలంటే చెవి కోసుకునేవాడు. మన ఆరుద్ర 'త్వమేవాహం' రాసిన చేత్తోనే డిటెక్టివ్ నవలలూ రాశాడు. ఇక రావిశాస్త్రి, విశాఖ కోర్టుల్లో వకీలుగా చూసిన దొంగల్నీ సారా అమ్ముకునేవాళ్ళనీ పోలీసుల్నీ కథల్లోకి తెచ్చి, చట్టాన్నే బోనెక్కించాడు. 'ఆరు సారా కథలు'లో పరిశోధకుడు లేడు. పరిశోధన మాత్రం నిండుగా వుంది.

కాబట్టి లోపం ప్రక్రియది కాదు. ఏం చదివాడో దాన్ని, ఎంత తొందరలో రాయాల్సి వచ్చిందో దాన్ని దాటి చూసే తీరిక రచయితకి అంగడి ఇవ్వలేదు. మనం కూడా ఆ పాఠకుణ్ణి అంగడికే వదిలేశాం. అద్దె బంకులు దాదాపు పోయాయి, ఆకలి పోలేదు. ఆ ఆకలికి ఇవాళ సెల్‌ఫోన్లో సీరియళ్ళు దొరుకుతున్నాయి. అపరాధ నవల రాయాలనుకునే యువ రచయితలకి నా సలహా ఇది. కొమ్మూరి దగ్గర వాక్యం నేర్చుకోండి. వాలెస్ దగ్గర నడక చూడండి. తర్వాత ఒక నెల్లాళ్ళు గుంటూరు మిర్చియార్డులో కాటా దగ్గర నిలబడండి, నరసరావుపేట కోర్టు వరండాలో కూర్చోండి. శవం మొదటి పేజీలోనే వుండనివ్వండి, అభ్యంతరం లేదు. దాన్ని అక్కడికి చేర్చిన దారి మాత్రం ప్రహరీ దగ్గర ఆగకుండా, అప్పుపత్రం దాకా, పొలం గట్టు దాకా, పోలీస్ స్టేషన్ డైరీ దాకా పోనివ్వండి.