మంచు మూసిన తలుపు వెనక

మంచు తుఫాను కథల్లో ఇల్లు సాధారణంగా వెచ్చగా ఉంటుంది. బయట ఈదురుగాలి, మూసుకుపోయిన దారులు. లోపల పొయ్యి చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునే కుటుంబం. ఆ పొయ్యి ఆరిపోకుండా చూస్తున్నదెవరు, కబుర్లు సాగినంతసేపూ పనిచేస్తున్న చేతులెవరివి అని అడిగితే ఆ వెచ్చదనం కాస్త మారిపోతుంది. అమెరికన్ సాహిత్యంలో బాగా పేరున్న రెండు రచనల్ని ఒకదాని వెంట ఒకటి చదివితే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ఒకటి జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ 1866లో ప్రచురించిన దీర్ఘకవిత ‘స్నో బౌండ్’. రెండోది లారా ఇంగల్స్ వైల్డర్ 1940లో వెలువరించిన నవల ‘ది లాంగ్ వింటర్’.

విట్టియర్ మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ దగ్గర తాను పుట్టి పెరిగిన ఇంటిని తలుచుకుంటూ ఆ కవిత రాశాడు. అప్పుడే అంతర్యుద్ధం ముగిసింది. తల్లి 1857లో, చెల్లెలు ఎలిజబెత్ 1864లో చనిపోయారు. కనుక అది పోయినవాళ్లను ఒక్క రాత్రికి మళ్లీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టుకున్న కవిత. దాని బలమంతా అక్కడే ఉంది. మగపిల్లలు మంచు తవ్వి పశువుల కొట్టానికి దారి చేస్తారు. అది వాళ్లకు సాహసం. రాత్రి తండ్రి, పినతండ్రి, బడిపంతులు తీరిగ్గా కథలు చెబుతారు. తల్లీ చెబుతుంది, కానీ రాట్నం తిప్పుతూ, మేజోడు అల్లుతూ చెబుతుంది. కవి ఆ రాట్నాన్ని చూశాడు గానీ అది అతనికి కథకు నేపథ్య సంగీతంలా వినిపించింది తప్ప, పగలంతా చేసిన పని రాత్రికీ తెమలలేదని తోచలేదు.

అదే కవితలో ఇంకో చోటు ఉంది. దారులు తెరుచుకోగానే ఊరి వైద్యుడు ఆ గుమ్మం ముందు ఆగుతాడు. దగ్గర్లో ఎవరికో జబ్బుగా ఉంది, రాత్రి పక్కన కూర్చోవడానికి అమ్మ కావాలి. మంచు అందర్నీ ఇంట్లో కట్టేసింది నిజమే, విడుదల మాత్రం అందరికీ ఒకేలా రాలేదు. తల్లికి తెరుచుకున్న దారి మరో ఇంటి చాకిరీలోకి వెళ్లింది. విట్టియర్ దీన్ని ఆమె దయాగుణానికి నిదర్శనంగా చెప్పి ముందుకు సాగిపోతాడు. విమల ‘వంటిల్లు’, సత్యవతి ‘ఇల్లలకగానే’ చదివిన మనం అక్కడే కాసేపు ఆగుతాం.

లారా నవలలో తుఫాను ఒక్క రాత్రితో పోదు. 1880-81 చలికాలం, ఇప్పుడు సౌత్ డకోటా రాష్ట్రంలో ఉన్న డి స్మెట్ అనే కొత్త ఊరు. అక్టోబరులోనే మొదటి మంచు తుఫాను వస్తుంది. తర్వాత రైళ్లు ఆగిపోతాయి. ఊరికి బొగ్గు, కిరసనాయిలు, పిండి అన్నీ రైల్లోనే రావాలి. క్రిస్మస్ కోసం బయలుదేరిన పీపా ఆ ఇంటికి మే నెలలో చేరుతుంది. ఇంట్లో తల్లి, తండ్రి, నలుగురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి మేరీకి చూపు లేదు. లారాకు ఆ చలికాలంలోనే పద్నాలుగేళ్లు నిండాయి.

బొగ్గు అయిపోయాక ఎండుగడ్డే వంటచెరకు. వదులుగా వేస్తే గడ్డి క్షణంలో మండిపోతుంది కాబట్టి వెంటి పేనినట్టు గట్టిగా మెలితిప్పి కర్రల్లా చేయాలి. తండ్రితో కలిసి లారా ఆ పని చేస్తుంది, చేతులు కోసుకుపోతాయి. పిండి అయిపోయాక, విత్తనాల గోధుమల్ని కాఫీ గింజలు విసురుకునే చిన్న మరలో వేసి విసరడం మొదలుపెడతారు. తిరగలి ముందు కూర్చున్నవాళ్లకు ఆ శ్రమ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఇది గుప్పెడు గింజలు పట్టే మర. ఆరుగురికి ఒక పూట రొట్టె కావాలంటే వంతులవారీగా రోజంతా తిప్పుతూనే ఉండాలి. కిరసనాయిలు అయిపోయాక తల్లి కేరొలిన్ ఒక గుండీ, గుడ్డపీలిక, బండి ఇరుసుకు పూసే కొవ్వుతో దీపం చేస్తుంది. ఆ కాలపు గొప్ప సాంకేతికత రైలు ఓడిపోయిన చోట, ఇల్లాలికి తెలిసిన ఉపాయాలు ఆ కుటుంబాన్ని బతికించాయి.

నవలలో మగవాళ్ల సాహసమూ ఉంది. అల్మాంజో, క్యాప్ గార్లండ్ అనే ఇద్దరు కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి దూరంగా ఉన్న ఒక రైతు దగ్గర్నుంచి గోధుమలు తెస్తారు. ఉత్కంఠగా చదివిస్తుంది. కానీ ఆ ప్రయాణం ఒక్కసారితో ముగుస్తుంది. మర తిప్పడం ముగియదు. అదే గాలి, అదే గడ్డి, అదే రొట్టె అధ్యాయం తర్వాత అధ్యాయం వస్తూనే ఉంటాయి. మాటలు తగ్గిపోతాయి, అందరూ మొద్దుబారిపోతారు. తండ్రి వేళ్లు వాచి బిగుసుకుపోయి ఫిడేలు పలకదు. ఈ విసుగే నవలకున్న నిజమైన శిల్పం అని నా అభిప్రాయం. ఇంటి పని చరిత్రకెక్కకపోవడానికి ఒక కారణం దానికి ముగింపు లేకపోవడం. ముగింపు లేనిదాన్ని లారా కథకు వెన్నెముక చేసింది. విట్టియర్ దగ్గర నేపథ్యంలో వినిపించిన చప్పుడు ఇక్కడ కథ మధ్యలోకి వచ్చింది.

అంతమాత్రాన ఈ నవలను నెత్తిన పెట్టుకోలేం. లారా 1930లో ‘పయొనీర్ గర్ల్’ పేరుతో పెద్దవాళ్ల కోసం ఆత్మకథ రాసింది. అది ఆమె చనిపోయిన చాలా ఏళ్లకు, 2014లో వివరమైన వ్యాఖ్యానంతో అచ్చయింది. దాని ప్రకారం ఆ చలికాలంలో ఇంగల్స్ కుటుంబం ఒంటరిగా లేదు. జార్జ్ మాస్టర్స్, అతని భార్య మ్యాగీ ఆ ఇంట్లోనే ఉన్నారు. మ్యాగీ అక్కడే ప్రసవించింది. పెళ్లికీ పుట్టుకకీ మధ్య నెలలు చాలవు కనుక పుట్టింట్లో కాన్పు జరిగితే పరువు పోతుందని ఆమె భయం. జార్జ్ పనిలో చేయి వేయడు, తిండి దగ్గర మాత్రం ముందుంటాడు.

నవలలో వీళ్లెవరూ లేరు. పిల్లల పుస్తకం కనుక అన్న సమాధానం ఉంది. కుటుంబం ఒంటరిగా పోరాడి నిలిచిందన్న కథకు వీళ్లు అడ్డమన్న సమాధానమూ ఉంది. ఏ సమాధానం తీసుకున్నా పోయింది ఒక పురుడు. మంచులో చిక్కుకున్న ఇంట్లో నిండు గర్భిణి, ఆమె చుట్టూ లోకాపవాదు, మంత్రసాని పనికి పూనుకోవాల్సిన ఇల్లాలు. ఆడవాళ్ల శ్రమను అంత ఓపికగా రాసిన కలం ‘లేబర్’ అనే మాటకున్న రెండో అర్థం దగ్గర ఆగిపోయింది. మర్యాద గీసిన గీత మంచు కన్నా గట్టిది.

ఇంకో మినహాయింపు మరీ పెద్దది. ఈ చలికాలం ఎలా ఉండబోతోందో నవలలో ముందే చెప్పేది ఒక ముసలి ఆదివాసీ. దుకాణంలోకి వచ్చి, ఏడు నెలల తుఫానులు రాబోతున్నాయని విరిగిన ఇంగ్లీషులో హెచ్చరించి వెళ్లిపోతాడు. అతనికి పేరు లేదు. అతని మాట నమ్మే తండ్రి కుటుంబాన్ని పొలంలోని పాక నుంచి ఊళ్లోని ఇంటికి మారుస్తాడు. డకోటా ప్రజల నేల మీద, వాళ్ల తెలివిడితో బతికి బట్టకట్టిన కుటుంబం ఇది. వాళ్లు ఏమయ్యారని మాత్రం అడగదు. కేరొలిన్‌కు ఆదివాసీలంటే గిట్టదు. ఆడపిల్ల పొలంలో గడ్డి పని చేయడమూ ఆమెకు నచ్చదు, అది విదేశాల నుంచి వచ్చినవాళ్ల ఆడవాళ్లు చేసే పని అని ఆమె భావన. కులం, స్త్రీ శ్రమ పెనవేసుకున్న తీరు తెలిసిన మనకు ఈ మాట కొత్తేమీ కాదు. ఏ ఆడవాళ్లు గడప దాటి పనిచేస్తారన్నది అక్కడా పరువు లెక్కే. ఇలాంటి చిత్రణల వల్లే 2018లో అమెరికన్ బాలసాహిత్య గ్రంథాలయ సంఘం తన పురస్కారం నుంచి లారా పేరు తొలగించింది.

పురస్కారం నుంచి పేరు తీసేయడం వేరు, పుస్తకం చదవడం మానేయడం వేరు. ‘ది లాంగ్ వింటర్’ను నేను విద్యార్థినుల చేతికి ఇస్తాను, ‘పయొనీర్ గర్ల్’ను జతచేసి ఇస్తాను. రాట్నం చప్పుడు వినడం మొదటి పుస్తకం నేర్పుతుంది. ఆ చప్పుడులో వినపడకుండా పోయిన పురిటి కేక రెండోదానిలో ఉంది. పేరు లేకుండా వచ్చి వెళ్లిన ఆ ముసలివాడి వైపు కథ వినడానికి మాత్రం ఈ రెండూ చాలవు. దానికి డకోటా రచయిత్రుల దగ్గరికి వెళ్లాలి.