దారిలో ఉన్న మూట

"లాభం... రెండు... మూడు..."

లారీ వెనక తలుపు దించగానే మా ముఠా మేస్త్రి ఎత్తుకునే లెక్క ఇది. మొదటి మూటను ఒకటి అనడు. కళ్లాల్లో వడ్లు కొలిచేటప్పుడు తొలి కొలతను లాభం అనడం మా వైపు పాత అలవాటు. చీరాల చుట్టుపక్కల వడ్ల బస్తాలు మోసిన భుజాలే ఇప్పుడు చీరల మూటలూ మోస్తున్నాయి. భుజంతోపాటు లెక్కా వచ్చింది. ఆయన పాడుతుంటే పక్కన పరీక్షల అట్ట పట్టుకుని నేను గీతలు గీస్తాను. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం. ఆయన గొంతూ నా గీతలూ ఒకే అంకె దగ్గర ఆగాలి. ఆగకపోతే దింపిన సరుకంతా మళ్లీ లెక్కపెట్టాలి.

నా ఉద్యోగం పేరు సూపర్‌వైజర్. మా గోడౌనుకు వచ్చేవి నూలు చిలపల బేళ్లు, సూరత్ జరీ పెట్టెలు, రంగు డబ్బాలు. ఇక్కణ్ణుంచి వెళ్లేవి జాండ్రపేట మగ్గాల మీద నేసిన కుప్పడం చీరలు, వేటపాలెం జీడిపప్పు. వీటిలో ఒక్కటీ నాది కాదు. నేసింది నేను కాదు, కొన్నది నేను కాదు, కట్టుకునేదీ మా ఇంటివాళ్లు కాదు. కానీ గడప దాటి లోపలికొచ్చిన క్షణం నుంచి అటువైపు లారీ ఎక్కేదాకా దానికి దిక్కు నేనే. ఈ పనిని నేను అర్థం చేసుకోవడానికి ఒక మూట పోవాల్సి వచ్చింది.

చేరిన మొదటి ఏడాది. సాయంత్రం రావాల్సిన బండి రాత్రి తొమ్మిదికి వచ్చింది. చినుకులు పడుతున్నాయి, ఫోను మోగుతోంది, డ్రైవరు తొందరపెడుతున్నాడు. హమాలీలు మూటలు దింపి వరసలు పేర్చేశారు. నాలుగేసి చొప్పున ఎనిమిది వరసలు, పైనుంచి కిందిదాకా నిండుగా కనిపించాయి. ముప్పై రెండు అని రాసి సంతకం పెట్టాను. మూటలు జారకుండా ఒకదాన్నొకటి పట్టుకునేలా అడ్డదిడ్డంగా పేరుస్తారు. అలా పేర్చిన గుట్ట మధ్యలో ఒక మూట తక్కువైనా బయటికి తెలియదు. నేను చూసింది గుట్ట ఎత్తును. మూటలను చూడలేదు. హైదరాబాదు కొట్టువాళ్లు ముప్పై ఒకటే అందాయని ఫోను చేసినప్పుడు అన్ని కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి, నా సంతకంతో సహా.

ఆ మూట పంపిన మాస్టర్ వీవర్ పెద్దాయన. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒకటే అడిగాడు.

"నువ్వు లెక్కపెట్టావా బాబూ?"

"లేదండీ. చూశాను."

ఆయన తల ఊపి లేచి వెళ్లిపోయాడు. ఆ వారం ఆయన నలుగురు నేతగాళ్లకు కూలి ఇవ్వలేకపోయాడని తర్వాత తెలిసింది. పడుగు పొయ్యడం, అచ్చు అతకడం, కండెలు చుట్టడం, నెయ్యడం, ఇంటిల్లిపాదీ చేసిన పని ఒక్కో చీరలో ఉంటుంది. అదంతా నేను పెట్టని ఒక్క గీతలో పోయింది.

అప్పటినుంచి ఒక సంగతి గమనిస్తున్నాను. బండి నడుస్తున్నంతసేపూ సరుకు చాలావరకు భద్రంగానే ఉంటుంది. పోయేది చేతులు మారే చోట. నేతగాడి నుంచి మాస్టర్ వీవర్‌కి, అక్కణ్ణుంచి మాకు, మా నుంచి లారీకి, లారీ నుంచి అక్కడి గోడౌనుకి, అక్కణ్ణుంచి ఆటోలో కొట్టుకి. ప్రతిచోటా ఇద్దరు మనుషులు ఉంటారు. ఇచ్చేవాడు తన బరువు దిగిందనుకుంటాడు, పుచ్చుకునేవాడు ఇంకా ఎత్తుకోలేదనుకుంటాడు. ఆ రెండు అనుకోవడాల మధ్య మూట ఎవరిదీ కాకుండా పోతుంది.

మా మోటుపల్లి రాతి శాసనం చెప్పేదీ ఈ విషయమే. వేటపాలెం దాటి చినగంజాం మండలంలోకి వెళ్తే సముద్రం దగ్గర్లో ఉంది ఆ ఊరు. వీరభద్రస్వామి గుడి మండపంలో 1244 నాటి కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. దాని సారాంశం ఇది: ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ తుపానులో చిక్కి బద్దలై మన ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ మునుపటి రాజులు లాగేసుకునేవారు. మేము అలా చెయ్యం, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాడికి నిర్ణయించిన సుంకం పోను అంతా వదిలేస్తాం. సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టునూలు, మిరియాలు, పోకలు, దేనికెంతో రాతిలో చెక్కించాడు.

నేనైతే దాన్ని చరిత్ర పాఠంలా చదవలేకపోయాను. నా ఉద్యోగ ఉత్తర్వులా చదివాను. ఒడ్డుకు పడ్డ సరుకు పక్కన దాని యజమాని ఉండడు. ఉన్నా అడిగే ఓపిక ఉండదు. అలాంటి సరుకు కూడా ఒకడి సొమ్మేనని ఒక రాజు ఒప్పుకున్నాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిస్తూ ఇంకో శాసనం వేయించాడు. రాజ్యాలు మారినా ఆ రేవు మాట తప్పలేదన్నమాట. గణపతిదేవుడి శతాబ్దంలోనే ఇటు వచ్చిన మార్కో పోలో ఇక్కడి సన్నబట్టలను సాలెగూడుతో పోల్చాడు. అప్పుడూ ఇక్కణ్ణుంచి బయటికి వెళ్లింది బట్టే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందే మేస్త్రి బాబాయ్‌నీ ముఠానీ పిలిచి అడుగు వరసలన్నీ ఎత్తించాను. ఇటుకలు పేర్చి, వాటి మీద పలకలు పరిచి, గోడకూ గుట్టకూ మధ్య మనిషి పట్టేంత సందు వదిలాం. గోడకు ఆనించిన మూట తడి పీల్చుకుంటుంది, అది పక్కమూటకు అంటిస్తుంది. తలుపు దగ్గర ఇసుక బస్తాలు వేశాం. గాలివానలో గోడౌనులోనే పడుకున్నాం ముగ్గురం. వానలకు గుంట మగ్గాల్లో నీళ్లు నిలిస్తే నేత ఆగిపోతుంది. అలాంటప్పుడు నేతగాడి ఇంటికి రావాల్సిన డబ్బు అప్పటికే నేసి పంపిన చీరల్లోనే ఉంటుంది. ఆ చీరలు మా దగ్గర ఉన్నాయి. టార్చి పట్టుకుని గంటకోసారి వరసల మధ్య తిరిగాను. ఒక్క మూట మూల మాత్రం చెమ్మగిల్లింది. విప్పించి, ఆరబెట్టించి, కాగితం మీద రాసి పంపాను.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ యాభై వేలు మించితే ఈ-వే బిల్లు ఉండాలి. రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు గడువు. బండి దారిలో ఆగిపోతే గడువు తీరే ముందు ఎనిమిది గంటల్లోగానీ, తీరాక ఎనిమిది గంటల్లోగానీ పొడిగించుకోవాలి. అర్ధరాత్రి డ్రైవరు ఫోనుకు లేచేది అందుకే.

నన్ను ఎక్కువగా బాధించేది బరువు. మగ మనిషి మోసే బరువు 55 కిలోలు మించకూడదని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. దానికి మూలమైన ఒడంబడికను మన దేశం 2010లో ఆమోదించింది. మా వైపు వడ్ల బస్తా అంటే 75 కిలోలు. మేస్త్రి బాబాయ్ మెడ కుడివైపుకు తిరగదు. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. సరుకు చెక్కుచెదరకుండా చేర్చినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు కానీ, చేర్చిన మెడ గురించి ఎవరూ అడగలేదు. మా దగ్గరికొచ్చే మూట నలభై కిలోలు దాటితే రెండుగా కట్టించి తెమ్మని వ్యాపారులను బతిమాలుతున్నాను. కట్టుకూలి పెరుగుతుందని కొందరు ఒప్పుకోరు. నేను అడగడం మానలేదు, మానను.

ఈమధ్య ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. చేతిలో స్కానరు ఉంటుంది, బీప్ అనగానే లెక్క తెర మీద పడుతుంది. మంచి యంత్రం, అంకె తప్పదు. మొన్న రాత్రి నలభైకి నలభై పడ్డాయి. సంతకం చెయ్యబోయి వాడు ఆగి, గుట్ట చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, మూడో వరసలో ఒకదాని కుట్టు వేరే దారంతో ఉంది. దించమంటారా?"

దించమన్నాను. అప్పటికి పన్నెండు దాటింది. మేస్త్రి బాబాయ్ ఒళ్లంతా తిప్పి వాడివైపు చూసి, ఏమీ అనకుండా తలపాగా బిగించుకున్నాడు.