గుడ్డి బల్బు చెప్పే గుట్టు
పాత ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే చాలామంది ముందు బ్యాటరీని తిడతారు, ఆనక సెల్ఫ్ మోటారు విప్పుతారు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ మాత్రం ఎర్త్ వైరు దగ్గర మొదలుపెడతాడు. ఛాసిస్ మీద బోల్టు ఊడదీసి, కింది తుప్పును ఎమ్రీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్దుతాడు. అతని పనితనమంతా ఈ వరుసలోనే ఉంది.

వైరును పరీక్షించడానికి అతను వాడేది రెండు వైర్లు తగిలించిన బల్బు. మల్టీమీటర్ ఉండగా బల్బెందుకని అడగొచ్చు. ఒక్క రాగి పోగు మీద వేలాడే వైరులోనూ మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. అది కరెంటు లాగితే కదా! 55 వాట్ల హెడ్‌లైటు బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అందుకే గుడ్డిగా వెలిగి గుట్టు చెప్పేస్తుంది. కొత్త వైరింగ్ వేస్తే పోలేదా అంటారు కొందరు. ఎలుకలు కొరికేస్తే వేయాల్సిందే. తుప్పు ఛాసిస్‌దైతే మాత్రం కొత్త వైరునూ ఆ తుప్పుకే బిగించినట్టవుతుంది.