తుబ్కాల్ దారిలో ఊళ్ళు: యాత్రాకథనాలపై ఒక ఆలోచన

ఇంగ్లండులో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో మొరాకో వెళ్ళి తుబ్కాల్ కొండ ఎక్కి వచ్చినవాళ్ళు అరడజను మందైనా ఉంటారు. లండన్ నుంచి మరాకేష్‌కి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. 4,167 మీటర్ల ఎత్తు, ఉత్తర ఆఫ్రికాలోకెల్లా పెద్ద శిఖరం, వేసవిలోనైతే తాళ్ళూ గొడ్డళ్ళూ అక్కర్లేదు, మోకాళ్ళు సహకరిస్తే చాలు. వెళ్ళొచ్చినవాళ్ళు ఊరుకోరు కదా, రాస్తారు. ఆ దారిన నేనూ ఆరు రోజులు నడిచాను. నడవక ముందూ, నడిచాకా, ఆ కొండల గురించి నూటయాభై ఏళ్ళుగా వచ్చిన పుస్తకాలు కొన్ని చదివాను. ఈ వ్యాసం ఆ రాతల గురించి. నా యాత్ర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే జరిగింది. బూట్లు కరిచాయి, అంతే.

ఈ కథనాల్లో పది చదివితే పదకొండోది మీరే రాసేయవచ్చు. మొదటి రోజు మరాకేష్ నుంచి జీపులో ఇమ్లిల్. అక్కడ కంచరగాడిదల మీద సామాను ఎక్కిస్తారు. తర్వాత ఒక కనుమ, ఒక మట్టి ఇళ్ళ ఊరు, బుగ్గలు ఎర్రబడ్డ పిల్లలు, ఎత్తునుంచి గ్లాసులోకి పోసే పుదీనా టీ. ‘ఎంత పేదవాళ్ళో, ఎంత మంచివాళ్ళో’ అని ఒక వాక్యం. ఇంకో కనుమ, ఇంకో ఊరు. ఆఖర్న 3,200 మీటర్ల దగ్గర రాతి బస, అర్ధరాత్రి దాటాక లేవడం, నెత్తి మీద దీపాలు, చలి, శిఖరం మీది ఇనప చట్రం, సూర్యోదయం, కళ్ళ నీళ్ళు. అక్కడితో కథ అయిపోతుంది. దిగడం ఎవరికీ రాయబుద్ధి కాదు.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. అలాంటి కథనంలో ఊరి పేరు వచ్చిన చోటల్లా ఇంకో ఊరి పేరు పెట్టి చూడండి. తషెద్దిర్త్ తీసేసి అమ్సూజర్త్ అని పెట్టండి, ఒక్క వాక్యం కూడా చెడదు. నిజానికి ఈ రెండు ఊళ్ళూ కొండకి చెరో పక్కన ఉన్నాయి. ఒకటి మరాకేష్ వైపు లోయలో, రెండోది దక్షిణపు వాలులో, ఇఫ్ని సరస్సుకి దిగువన. మధ్యలో మూడున్నరవేల మీటర్ల కనుమ దాటాలి. రాళ్ళ రంగు వేరు, పచ్చదనం వేరు, సంతకి వెళ్ళే దారి వేరు. రాసేవాడికి మాత్రం రెండూ ‘ఒక బెర్బర్ గ్రామం’. శిఖరం విషయంలో ఈ మార్పిడి కుదరదని గమనించండి. కొండకి ఎత్తు ఉంది, అంకె ఉంది, మొదట ఎక్కినవాళ్ళ పేర్లున్నాయి (రికార్డుల ప్రకారం 1923 జూన్ 12న ఫ్రెంచి మార్క్విస్ ద సెగోంజాక్ బృందం). ఊళ్ళకి ఏదీ లేదు.

సినిమావాళ్ళు ఈ మార్పిడిని ఇంకాస్త దూరం తీసుకెళ్ళారు. 1997లో వచ్చిన స్కొర్సేసీ సినిమా ‘కుందున్’ దలైలామా కథ. అందులో ఒక టిబెట్ ఆరామంగా కనిపించేది ఇమ్లిల్ ఊరి పైన ఉన్న కోట. సినిమాకి అది తప్పు కాదు. కానీ యాత్రాకథనానికి ఆ వెసులుబాటు ఇవ్వలేం. చూసినదాన్ని చూసినట్టు చెప్తానన్నదే దాని మొదటి హామీ.

ఎందుకిలా జరుగుతుందంటే, రాసేవాళ్ళకి కళ్ళు లేక కాదనుకుంటాను. ట్రెక్కింగ్ కంపెనీ ఇచ్చిన రోజువారీ ప్రణాళిక కాగితమే వ్యాసానికి చట్రం అయిపోతోంది. ఆ కాగితం అమ్మేది శిఖరాన్ని. ముందు నాలుగు రోజులు ఊళ్ళ మీదుగా తిప్పేది ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడాలని. అంటే ఆ పథకంలో ఊరు ఊపిరితిత్తుల కోసం పెట్టిన మజిలీ. ప్రయాణానికి అది మంచి పద్ధతే, కొండజబ్బు రాకుండా కాపాడుతుంది. రచనకి మాత్రం అది మంచి పద్ధతి కాదు. ఏ రోజుకారోజు ‘ఇంకా ఎంత ఎత్తు’ అనే ప్రశ్నతో నడిచే వాక్యం పక్కకి తిరగదు.

పక్కకి తిరిగితే ఏముంది? చెప్పాలంటే చాలా ఉంది. ఆ కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉన్న మడిచెక్కలకి నీళ్ళు వాటంతట అవి రావు. ఏటికి పైన ఎక్కడో గండి కొట్టి, కొండ అంచు పట్టుకుని సన్నటి కాలవ తవ్వి తెస్తారు. ఆ కాలవని ‘తర్గా’ అంటారు. ఎవరి వంతు ఎప్పుడో కుటుంబాల లెక్కన నిర్ణయమై ఉంటుంది. వంతు తప్పితే తగువే. చెరువు కింద వ్యవసాయం చేసి, నీరటికాడి మాట కోసం ఎదురుచూసిన కుటుంబాల్లోంచి వచ్చిన మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అక్రోటు చెట్లూ, ఆపిల్, చెర్రీ తోటలూ ఆ నీళ్ళ మీదే బతుకుతాయి. ఇంకా పైకి వెళ్తే గొడ్లూ గొర్రెలూ తోలుకెళ్ళే ‘అజీబ్’లు, అంటే రాళ్ళు పేర్చి కట్టిన వేసవి గుడిసెలు. పచ్చిక బయళ్ళకి ‘అగ్దాల్’ అనే కట్టుబాటు ఉంది. పక్క లోయ పైనున్న ఉకైమెదెన్‌లో మార్చి మధ్య నుంచి ఆగస్టు 10 దాకా మందలు అడుగు పెట్టకూడదు. గడ్డి పూత పట్టి గింజ రాలాక, అందరికీ ఒకేసారి తెరుస్తారు. ఆ తెరిచే రోజు గురించి ఒక్క పేజీ రాసినా సూర్యోదయం మీద రాసే పేజీ కన్నా నేను ఇష్టంగా చదువుతాను.

భాష సంగతి ఇంకా విచిత్రం. మ్యాపులో ఉన్న పేర్లన్నీ మాటలే. తిజి అంటే కనుమ, అద్రార్ అంటే కొండ, అసిఫ్ అంటే ఏరు, ఇఘిల్ అంటే చెయ్యి, కొండ చాచిన చెయ్యి. ఈ నాలుగూ తెలిస్తే సగం దారి చదవడం వచ్చినట్టే. మొరాకోలో ఈ భాషకి 2003లో తిఫినాగ్ లిపిని ఖరారు చేశారు, 2011 రాజ్యాంగంలో అధికారభాష హోదా ఇచ్చారు. ఈ కొండల్లో మాట్లాడేది అందులో తషెల్‌హిత్ అనే రూపం. మన యాత్రికులు ‘అరబ్బీలో ఏదో పాడుకుంటున్నారు’ అని రాస్తారు.

‘బెర్బర్’ అన్న మాట కూడా వాళ్ళు పెట్టుకున్నది కాదు. గ్రీకులూ రోమన్లూ తమ భాష రానివాళ్ళని పిలిచిన ‘బార్బరస్’ నుంచి వచ్చిందంటారు. వాళ్ళు తమని అమజిగ్ అనుకుంటారు. దీన్ని తెలుగువాళ్ళం తేలిగ్గా తీసుకోకూడదు. దొరలు మనల్ని చాలాకాలం ‘జెంటూ’లన్నారు, అన్యమతస్థుడని అర్థం వచ్చే పోర్చుగీసు మాట అది. 1817లో మద్రాసులో అచ్చయిన ఒక తెలుగు వ్యాకరణం పేరులోనే ‘జెంటూ భాష’ అని ఉంది. బెర్బర్ అన్న మాట వాడొద్దనడం లేదు, గైడ్లే వాడతారు, నేనూ పైన వాడాను. వాడుతూ ఒక్క వాక్యం చెప్పి పోతే బాగుంటుందంటున్నాను.

ఇక పుస్తకాలు. ఇమ్లిల్ మీదుగా తుబ్కాల్‌కి ఎక్కే లోయ పేరు అయిత్ మిజాన్. అక్కడికి 1871లో వచ్చిన జోసెఫ్ హుకర్, జాన్ బాల్ వృక్షశాస్త్రజ్ఞులు. ఈ హుకర్ మనకి కొత్తవాడు కాదు, బ్రిటిష్ ఇండియా మొక్కల మీద ఏడు సంపుటాలు తెచ్చినవాడు. వాళ్ళ యాత్రాగ్రంథం 1878లో వచ్చింది. ఏ మొక్క ఏ ఎత్తులో ఉందో చూడ్డంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. మనుషుల దగ్గరికొచ్చేసరికి చూపు మందగిస్తుంది. అయినా ఒక విషయంలో నేటి ట్రెక్కర్ల కన్నా వాళ్ళే నయం: తమ భోజనం ఎక్కణ్ణుంచి వచ్చిందో దాచలేదు. సుల్తాను ఉత్తరంతో వచ్చిన ప్రయాణికుడికి దారిలోని ఊళ్ళు కోళ్ళూ గుడ్లూ రొట్టెలూ గుర్రాలకి మేతా ఉచితంగా ఇచ్చుకోవాలి. దాన్ని ‘మూనా’ అనేవారు. కథనాల్లో నేడు మనం మురిసిపోయే ‘బెర్బర్ ఆతిథ్యం’ వెనకాల నిజమైన మర్యాద ఎంత ఉందో, బలవంతపు వడ్డన చరిత్ర కూడా అంత ఉంది.

నా లెక్కలో ఈ కొండల మీద వచ్చిన ఇంగ్లీషు పుస్తకాల్లో అన్నిటికన్నా గొప్పది, గమ్యం చేరని మనిషి రాసింది. స్కాట్లండు వాడు, పార్లమెంటులో సోషలిస్టుగా పేరుపడ్డవాడు కనింగ్‌హామ్ గ్రేహమ్. క్రైస్తవులకి ప్రవేశం లేని తారూదంత్ పట్టణం చూద్దామని 1897లో టర్కీ వైద్యుడి వేషం వేసుకుని అట్లాస్ దాటబోయాడు. తుబ్కాల్‌కి పడమరగా ఉన్న న్‌ఫీస్ లోయలో, గుందాఫీల నాయకుడి మనుషులు పట్టేసుకున్నారు. తలాత్ న్ యాకూబ్ దగ్గర కోట ముందు గుడారంలో రోజుల తరబడి కూర్చోబెట్టారు. పొమ్మనరు, ఉండమనరు. ఆ పడిగాపుల మీద రాసిన పేజీలే ‘మొగ్రెబ్ ఎల్ అక్సా’ (1898) పుస్తకానికి ప్రాణం. కోటకి ఎవరు వస్తున్నారు, ఎవరు అర్జీలు పట్టుకుని నిలబడ్డారు, ఎవరి గుర్రం ఎలా ఉంది, బానిసలు ఏం చేస్తున్నారు, సాయంత్రం ఏం వండుతున్నారు – ముందుకి నడవడానికి వీల్లేని మనిషికి చూడ్డం తప్ప పని లేదు. తన వేషం మీద తనే వేసుకున్న ఛలోక్తులు ఇప్పటికీ నవ్విస్తాయి. బెర్నార్డ్ షా ఈ పుస్తకం నుంచి ఒక నాటకానికే ముడిసరుకు తీసుకున్నాడు. గ్రేహమ్‌లో దొరతనం లేదనను. కొండజాతుల మీద అతనికున్న మోజు కొన్నిచోట్ల నాకు చిరాకు కూడా. కానీ ఊరి పేరు మార్చే పరీక్ష అతని మీద పనిచెయ్యదు. ఆ లోయ తీసేసి ఇంకో లోయ పెట్టలేరు.

అసలు చదవాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని యాత్రాకథనాల వరసలో ఎవరూ పెట్టరు. మొరాకోకే చెందిన అబ్దుల్లా హమ్మౌదీ రాసిన మానవశాస్త్ర గ్రంథం 1988లో ఫ్రెంచిలోనూ, 1993లో ‘ద విక్టిమ్ అండ్ ఇట్స్ మాస్క్స్’ అని ఇంగ్లీషులోనూ వచ్చింది. అది సరిగ్గా ఈ అయిత్ మిజాన్ లోయ గురించే. బక్రీద్ అయ్యాక ఒక మనిషి బలిపశువుల తోళ్ళు కట్టుకుని, వెనక వేషగాళ్ళ గుంపుతో ఇంటింటికీ తిరిగే ఆచారం ఉంది అక్కడ. అతన్ని బిల్మావ్న్ అంటారు. నిన్న అతి పవిత్రంగా బలి ఇచ్చిన ఊరే ఈరోజు ఆ పవిత్రతని వెక్కిరిస్తూ వీధుల్లో గంతులేస్తుంది. దీన్ని ఏ పాతకాలపు అవశేషంగానో తోసెయ్యకుండా, ఆ ఊరు తన గురించి తను చేసుకునే ఆలోచనగా చూస్తాడు హమ్మౌదీ. చదవడం కష్టమైన పుస్తకమే. కొన్ని అధ్యాయాలు రెండుసార్లు చదవాల్సొచ్చింది. కానీ అది చదివాక ఇమ్లిల్ వీధిలో టీ తాగుతూ కూర్చున్నవాడు, కెమేరాలకి నవ్వే ముఖాలు మాత్రమే చూడలేడు.

తెలుగులో మనకి ఈ విద్య కొత్తేమీ కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు వందమంది పరివారంతో పదిహేను నెలలు తిరిగారు. ఆయన గమ్యం మన శిఖరాల కన్నా పెద్దది, మోక్షంతో ముడిపడ్డది. అయినా మజిలీ మజిలీకీ నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దారి ఇసకా రాయా, ఎవరెవరు కాపురముంటున్నారు అని రాసుకుంటూ పోయారు. కాశీ కోసం దారిని చిన్నబుచ్చలేదు. రెండు శతాబ్దాల తర్వాత, వీపున సంచీ, చేతిలో ఫోను ఉన్న మనం ఆయన కన్నా తక్కువ చూసి రావడమేమిటి?

గైడ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. 2018 డిసెంబరులో ఇమ్లిల్‌కి పైన ఇద్దరు యువతులు, ఒకరు డెన్మార్క్, ఒకరు నార్వే, హత్యకి గురయ్యారు. ఆ తర్వాత తుబ్కాల్ దారిలో గైడు లేకుండా వెళ్ళనివ్వడం లేదు, దారిలో పోలీసు తనిఖీలున్నాయి. కాబట్టి ఈరోజు రాసే ప్రతి కథనమూ ఇద్దరు కలిసి చేసినదే. ఊరివాళ్ళ మాట మనకి చేరేది గైడు నోటి ద్వారా. ఏ ఇంట్లోకి వెళ్ళాలో, ఏది అడగొచ్చో నిర్ణయించేది అతను. దయ్యం పట్టినవాళ్ళని మనవాళ్ళు దర్గాలకి తీసుకెళ్ళినట్టే అక్కడివాళ్ళు సిదీ చంహరూష్ దగ్గరికి తీసుకెళ్తారు. ముస్లిములు కానివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. వాగుకి ఇవతల నిలబడి మనం చూసేది సున్నం కొట్టిన ఒక పెద్ద బండ. మిగతాదంతా గైడు చెప్పిందే. కథనంలో మాత్రం అది ‘నేను తెలుసుకున్నాను’ అయిపోతుంది. ‘మా గైడు ఇలా చెప్పాడు, ఇది చెప్పడానికి ఇష్టపడలేదు’ అని రాస్తే పోయేదేముంది? ఆ ఇష్టపడకపోవడమే ఒక్కోసారి అసలు విషయం. నాతో నడిచిన గైడు పేరూ, కంచరగాడిద తోలిన పెద్దాయన పేరూ నాకు తెలుసు. వాళ్ళని అడగలేదు గనక ఇక్కడ రాయను.

ఇదంతా రచనా మర్యాదల గొడవే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. 2023 సెప్టెంబరు 8 రాత్రి ఆ కొండల కింద 6.8 తీవ్రతతో భూమి కదిలింది. దాదాపు మూడువేల మంది పోయారు. మట్టీ రాయీ కలిపి కట్టిన ఇళ్ళు నిద్రపోతున్నవాళ్ళ మీద కూలాయి. గ్రేహమ్ కూర్చున్న తలాత్ న్ యాకూబ్ నేలమట్టమైంది. ఆ దగ్గర్లోనే ఉన్న తిన్మెల్‌లో, 12వ శతాబ్దపు మసీదు, మరమ్మతులు జరుగుతుండగానే చాలా భాగం పడిపోయింది. ఆ వారమంతా నేను నా దగ్గరున్న కథనాలు తిరగేశాను. ఆ లోయల్లో ఇళ్ళు ఎలా కడతారు, కప్పు దేనితో వేస్తారు, ఒక్కో ఊళ్ళో ఎన్ని కుటుంబాలు, రోడ్డు ఎక్కడిదాకా వెళ్తుంది అని వెతికితే, పేజీల నిండా సూర్యోదయాలు. ఊళ్ళ గురించి అప్పుడు నాకు ఏమైనా చెప్పింది నూటపాతికేళ్ళ నాటి గ్రేహమే. చాలామంది సహాయనిధికి డబ్బు పంపారు, అది మంచి పనే. ఏ ఊరికి పంపుతున్నారో మాత్రం వాళ్ళు రాసిన కథనాల్లో లేదు.

వచ్చే వేసవికి వెళ్దామనుకుంటున్నవాళ్ళు నన్ను బూట్ల గురించీ, స్లీపింగ్ బ్యాగుల గురించీ అడుగుతుంటారు. గ్రేహమ్ పుస్తకం కాపీరైటు తీరిపోయినది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. హమ్మౌదీ కోసం యూనివర్సిటీ లైబ్రరీ చూసుకోవాలి. వీరాస్వామయ్య గారిది ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. ఆరు రోజుల దారికి బదులు ఏడు రోజులు పెట్టుకుని, ఆ మిగిలిన రోజు అమ్సూజర్త్‌లో ఎక్కడికీ నడవకుండా ఉండిపోతామని కంపెనీవాళ్ళని అడిగి చూడండి.