రద్దయిన గ్రామీ విభాగం - ఉప్పలపు సోదరుల మాండొలిన్: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలోని గ్రామీ పురస్కారాలలో 1992 నుంచి 2011 వరకు సమకాలీన జాజ్‌కు ప్రత్యేక విభాగం ఉండేది. 2009లో ఆ విభాగం తుది జాబితాకు చేరిన అయిదు ఆల్బమ్‌లలో రెండింటిలో ఉప్పలపు సోదరుల మాండొలిన్ ఉంది. ఆ రెండు ఆల్బమ్‌లను ఆధారం చేసుకొని, విభాగం రద్దు కావడంవల్ల ఏ రకమైన సంగీతం తన చోటు కోల్పోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రామీ, సమకాలీన జాజ్, మాండొలిన్ శ్రీనివాస్, యు. రాజేష్, సంగీత విమర్శ, నంది పురస్కారాలు.

ఉపోద్ఘాతం:
పురస్కారం ఎవరికి వచ్చిందన్నది వార్త. ఏ విభాగంలో వచ్చింది, ఆ విభాగం ఎందుకు ఏర్పడింది, ఎందుకు పోయింది అన్నవి విమర్శకు సంబంధించిన ప్రశ్నలు. తెలుగులో గ్రామీ ప్రస్తావన వచ్చినప్పుడు మొదటిదానికి దక్కినంత శ్రద్ధ రెండోదానికి దక్కలేదు. విభాగం పేరు కేవలం ఒక శీర్షిక కాదు. ఒక రచనను దేనితో పోల్చి వినాలో అది ముందుగానే నిర్ణయిస్తుంది.

1. విభాగం పుట్టుక, స్వభావం:
1980 నుంచి 1991 వరకు గ్రామీలలో జాజ్ ఫ్యూజన్‌కు ఒక విభాగం ఉండేది. 1992లో దాని స్థానంలో సమకాలీన జాజ్ వచ్చింది. తొలి ఏళ్లలో 'ప్రదర్శన'కు ఇచ్చిన ఈ పురస్కారం తరువాత 'ఆల్బమ్' పురస్కారంగా మారింది. 'సమకాలీన' అనే మాట శాస్త్రీయమైన నిర్వచనానికి లొంగేది కాదు. అయితే ఆ అస్పష్టతే ఈ విభాగానికి బలమైంది. పాట్ మెథెనీ బృందపు గిటార్ సంగీతం, బేలా ఫ్లెక్ బాంజో, జోనీ మిచెల్ పాటలను హెర్బీ హాన్‌కాక్ పునర్నిర్మించిన 'రివర్' ఈ ఒక్క గొడుగు కిందనే గెలిచాయి. 'రివర్' 2008లో అన్ని సంగీతరీతులకు ఉమ్మడిగా ఇచ్చే ఉత్తమ ఆల్బమ్ పురస్కారాన్ని కూడా పొందింది. అంచున ఉన్న సంగీతం కేంద్రానికి చేరడానికి ఈ విభాగం ఒక దారి అయింది.

2. 2009 తుది జాబితా:
ఆ ఏడాది జాబితాలో ఉన్న 'ఫ్లోటింగ్ పాయింట్' జాన్ మెక్‌లాఫ్లిన్ ఆల్బమ్. దీనిని చెన్నైలో రికార్డు చేశారు. డ్రమ్స్‌పై రంజిత్ బారోట్, కీబోర్డుపై లూయిజ్ బ్యాంక్స్, తాళవాద్యాలపై శివమణి, వేణువుపై శశాంక్, మాండొలిన్‌పై యు. రాజేష్ ఇందులో పాల్గొన్నారు. రెండోది 'మైల్స్ ఫ్రమ్ ఇండియా'. మైల్స్ డేవిస్‌తో పనిచేసిన వాద్యకారులు, భారతీయ సంగీతజ్ఞులు కలిసి ఆయన రచనలను మళ్లీ వాయించిన సంకలనమిది. మెక్‌లాఫ్లిన్ కొత్తగా రచించిన శీర్షిక కృతిలో రాజేష్ అన్న యు. శ్రీనివాస్ మాండొలిన్ వాయించారు.

పాలకొల్లులో 1969లో జన్మించిన శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశారు. పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్‌కు ఉన్న జంట తీగల అమరికను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక గమకాలను పలికించారు. అంటే జాజ్ బృందాలతో కలవడానికి ముందే ఆయన వాద్యంలో రెండు సంప్రదాయాలు కలిసి ఉన్నాయి. కనుక ఈ రెండు ఆల్బమ్‌లలోని మాండొలిన్‌ను జాజ్‌కు అద్దిన భారతీయ అలంకారంగా భావించడం సరికాదు. వీటిని 'ప్రపంచ సంగీతం' అనే అరలో పెట్టకుండా జాజ్‌గానే విని, జాజ్ ప్రమాణాలతోనే తూచడం ఈ జాబితా చేసిన ముఖ్యమైన పని. పురస్కారం ర్యాండీ బ్రెకర్ 'ర్యాండీ ఇన్ బ్రసీల్'కు దక్కింది. ఓడినా ఆ రెండు ఆల్బమ్‌లు పోటీపడిన చోటు సరైనది.

3. రద్దు - దాని పర్యవసానం:
2011 ఏప్రిల్‌లో రికార్డింగ్ అకాడమీ విభాగాలను 109 నుంచి 78కి తగ్గించింది. సమకాలీన జాజ్‌ను వాద్య జాజ్ ఆల్బమ్ విభాగంలో కలిపేసింది. పోటీ గట్టిపడితే పురస్కారం విలువ పెరుగుతుందన్నది అకాడమీ వాదం. ఆ వాదంలో కొంత న్యాయం ఉంది. మెథెనీ, బ్రెకర్ వంటి కొద్దిమందికే పదేపదే పురస్కారం అందిన విభాగానికి పరిధి చిన్నదన్న ఆక్షేపణ సహజం.

అయితే విలీనం తరువాత కొలమానం మారింది. 2011లో చివరి సమకాలీన జాజ్ పురస్కారం స్టాన్లీ క్లార్క్ బృందానికి దక్కింది. 2012లో చిక్ కొరియా, లెన్నీ వైట్‌లతో కలిసి ఆయన చేసిన 'ఫరెవర్' వాద్య జాజ్ విభాగంలో గెలిచింది. ఈసారి ముందుకు వచ్చింది ప్రధానంగా పియానో, బాస్, డ్రమ్స్ త్రయం, అంటే జాజ్‌లో స్థిరపడిన రూపం. ఒక్క ఏడాది ఫలితం సూత్రం కాజాలదు కాని, సంకరరీతులు ఇక ఎవరి పక్కన నిలబడవలసి వచ్చిందో అది చూపుతుంది.

అదే కోతలో పోయిన లాటిన్ జాజ్ విభాగం కోసం బాబీ సనాబ్రియా వంటి సంగీతకారులు పోరాడారు. అకాడమీ 2012లో దానిని పునరుద్ధరించింది. దానికి ఒక సమాజం అండగా నిలిచింది. సమకాలీన జాజ్ కోసం అటువంటి ఉద్యమం రాలేదు. జాబితాలో చోటుకు ఎంత బలముంటుందో హైదరాబాదు పాఠకులకు ఎర్రమంజిల్ ప్యాలెస్ వివాదం తెలిపింది. 2019లో దాని కూల్చివేత నిర్ణయాన్ని ఉన్నత న్యాయస్థానం కొట్టివేసినప్పుడు వారసత్వ కట్టడాల జాబితాయే చర్చకు కేంద్రమైంది.

2024 గ్రామీలలో రెండు సంఘటనలు ఒకే వేదికపై జరిగాయి. 'ప్రత్యామ్నాయ జాజ్' అనే కొత్త విభాగం మొదలై, మిషెల్ ఎండెగెయోచెల్లో తొలి విజేత అయ్యారు. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్ తదితరుల 'శక్తి' బృందపు 'దిస్ మొమెంట్' గ్లోబల్ సంగీత విభాగంలో గెలిచింది. శక్తి సంగీతంలో రాగతాళాల పాలు ఎక్కువ కనుక 'ఫ్లోటింగ్ పాయింట్'తో దానిని సమానం చేయలేము. అయినా మొదటి సంఘటన పాత ఖాళీని అకాడమీ ఒప్పుకున్నదని చెబుతుంది. భారతీయ వాద్యకారులున్న సంగీతం మాత్రం భౌగోళికమైన అరలోనే గుర్తింపు పొందిందని రెండోది చెబుతుంది.

4. తెలుగు సందర్భం:
1964లో మొదలైన నంది పురస్కారాలు సినిమాతో ఆరంభమై టెలివిజన్, నాటక రంగాలకు విస్తరించాయి. రాష్ట్ర విభజన తరువాత అవి క్రమం తప్పాయి. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రదానం చేసిన గద్దర్ పురస్కారాలు సినిమాకు చెందినవి. ఈ పురస్కారాలలో సంగీతానికి గుర్తింపు దక్కేది ప్రధానంగా సినిమా ద్వారానే. శ్రీనివాస్, రాజేష్‌లు వాయించిన ఇటువంటి ఆల్బమ్‌కు ఇక్కడ రద్దు కావడానికైనా ఒక విభాగం లేదు.

ముగింపు:
1. సమకాలీన జాజ్ విభాగపు అస్పష్టత లోపం మాత్రమే కాదు, సంకరరీతులకు ఆశ్రయం కూడా.
2. 2009 జాబితా ఉప్పలపు సోదరుల సంగీతాన్ని ప్రాంతం పేరుతో కాక ప్రక్రియ పేరుతో గుర్తించింది.
3. విభాగం రద్దయితే సంగీతం ఆగదు, దానిని వినే పద్ధతి మారుతుంది. శ్రీనివాస్ 2014లో కన్నుమూశారు. ఆయన వాదనను కేవలం కర్ణాటక సంగీతంగానో, కేవలం ఫ్యూజన్‌గానో విడదీయకుండా చర్చించే పరిభాషను తెలుగు సంగీత విమర్శ ఇకనైనా రూపొందించుకోవాలి.