రాధికాసాంత్వనము: అశ్లీలపదవిచారము

ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును గూర్చి వ్రాసినవారిలో పెక్కండ్రు దాని నిషేధకథను చెప్పి కావ్యమును విడిచిరి. మఱికొందఱు కావ్యమును మెచ్చి, దానిని అచ్చువేసినవారి మాటను ఒక పంక్తితో సరిపుచ్చిరి. ఈ రెండును వేఱువేఱుగా చూడదగినవి కావు. చెన్నపురి వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారు ముప్పదియైదేండ్లకు పైగా ఆ గ్రంథమును విడువక నిలిచిరి. దానికి వర్తకమొక్కటే కారణమైనచో మొదటి దెబ్బకే మానియుందురు. వారి పట్టుదలకు మూలము పాఠమును గూర్చిన నిశ్చయము. ఆ పాఠమును చుట్టుకొన్న వివాదమంతయు "అశ్లీలము" అను నొక్క పదముయొక్క అర్థముమీద నిలిచినది.

పాఠము సంగతి ముందు చూడవలెను. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరేలిన మరాఠరాజు ప్రతాపసింహుని (1739-63) ఆస్థానమునందలి విదుషి. ఆమె కావ్యమున నాలుగాశ్వాసములు, 584 పద్యములు కలవు. బ్రౌనుదొరకడ పనిచేసిన పైడిపాటి వేంకటనరసుగారు దానిని 1887లో ప్రకటించిరి. ఆ ముద్రణమున కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న పీఠికాపద్యములు లేవు. లోపలి పద్యములును కొన్ని లేవు. బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952) వ్రాతప్రతి సంపాదించి సరిచూచి, విడిచిన భాగములను పూరించి, 1910లో వావిళ్లవారిచేత సమగ్రముగా అచ్చువేయించిరి. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిరమును కట్టించిన నాగరత్నమ్మగారే వీరు.

పాణినీయమున లోపమనగా కానరాకుండుట మాత్రమే. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తమైన కార్యము నిలుచునని ఆ శాస్త్రమే చెప్పుచున్నది. గ్రంథములందును ఇట్లే జరుగును. పీఠిక తీసివేసినంతనే ముద్దుపళని తన తల్లిని, అవ్వను, గురువును పేర్కొనలేదని చదువరి తలచును. వంశము చెప్పని కవయిత్రి గౌరవము చాలనిదని ఊహించును. అయితే వైయాకరణుని లోపము సూత్రముచేత విహితము, అందఱును ఎఱిగినది. ముద్రాపకుడు చెప్పక చేసిన లోపమునకు ఏ సూత్రమును లేదు. అట్టిదానిని పూరించుట సంస్కర్తకు విధియే గాని సాహసము గాదు.

ఆక్షేపణ మొదట దొరలనుండి రాలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని కవిత్వపు మృదుత్వమును, భాషాపాండిత్యమును అంగీకరించియు, స్త్రీలు నోటబలుకదగని భాగములు ఆ గ్రంథమున కలవని నిందించిరి. స్త్రీవిద్యకై అంత పాటుపడిన మహనీయుడు స్త్రీ వ్రాసిన గ్రంథమున కీ నియమమును పెట్టుట విచిత్రమే. నాగరత్నమ్మగారి ప్రశ్న సూటియైనది. సిగ్గు స్త్రీలకే విధింపబడినదా? పంతులుగారు తామే చూచి ముద్రణకు సమ్మతించిన సారంగు తమ్మయ వైజయంతీవిలాసములో ఉన్న శృంగారముకంటె ఇందులో మోటుతనము ఎక్కువా? ఈ ప్రశ్నకు తగిన సమాధానము పంతులుగారి పక్షమున దుర్లభము.

1911లో పోలీసువారు ప్రతులను పట్టుకొనిరి. అశ్లీలగ్రంథమును ప్రచురించినారని వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులుగారిపై అభియోగము వచ్చినది. పండితులు కొందఱు దొరతనమువారికి అర్జీలు పంపుకొనిరి గాని నిషేధము తొలగలేదు. విమర్శకుడు ఇచట గమనింపదగిన దేమనగా, ప్రభుత్వ భాషాంతరకర్త దోషయుక్తములని తనకు తోచిన పద్యములను ఏఱి ఇంగ్లీషులోనికి మార్చగా, అధికారులు వానినిబట్టి కావ్యమును తూచిరి. ఇది కొల్లేటి కిక్కిసను పిడికెడు కోసి తెచ్చి చూపి, కొల్లేటి లోతు చెప్పుమనుట వంటిది.

ఇక పదవిచారము. ఆలంకారికుల అశ్లీలము శబ్దాశ్రయమైన దోషము. అది వ్రీడను, జుగుప్సను, అమంగళమును స్ఫురింపజేయుటచే ముత్తెఱగులు. అమంగళము స్ఫురించినదని ఏ పోలీసువాడును పుస్తకమును పట్టుకొనిపోడు. అంతియగాక సందర్భమును, వక్తను బట్టి ఆ దోషము గుణమగుటయు కలదని మమ్మటుడు చెప్పియున్నాడు. 1860 నాటి శిక్షాస్మృతి 292వ సెక్షను చెప్పిన అపరాధము దీనికి పూర్తిగా భిన్నము. 1868లో ఇంగ్లండున హిక్లిన్ వ్యాజ్యెమునందు ఏర్పడిన సూత్రమునుబట్టి, చెడుటకు సిద్ధముగా నున్న మనస్సును ఆ వ్రాత చెఱచునా యన్నదే పరీక్ష. అందు సహృదయునికి చోటు లేదు; బలహీనుడే ప్రమాణము. ఈ రెండింటికిని తెలుగున ఒకటే మాట వాడుటచేత, శాస్త్రజ్ఞులే "అవును, కొన్ని పద్యము లశ్లీలములే" అని యొప్పుకొని, తెలియకయే నేరమును ఒప్పుకొన్నవారైరి. వింత యేమనగా, ఆ సెక్షనే దేవాలయములమీదను రథములమీదను చెక్కిన ప్రతిమలను విడిచిపెట్టినది. రథముమీద రాతికిని కొయ్యకును చెల్లినది తాటాకుమీది పద్యమునకు చెల్లలేదు.

కావ్యమును తెఱచి చూచిన ఈ భేదము ఇంకను స్పష్టమగును. రాధ ఇళను చిన్ననాటినుండి పెంచి, తానే కృష్ణునికి పెండ్లి చేయును. నవవధువు ఎట్లు మెలగవలెనో ఇళకు, ఆమెయెడ ఎట్లు మెత్తగా నుండవలెనో కృష్ణునికి, రాధయే ఉపదేశించును. పిమ్మట ఆ దంపతుల సుఖమును సహింపలేక కుములును. పారిజాతాపహరణమున సత్యభామ కోపము సవతియైన రుక్మిణిపై మాత్సర్యము. రాధ దుఃఖ మంతకంటె చిక్కనిది; తన చేతులతో పెంచిన పిల్లయే సవతి, ఆ సవతికి విద్య నేర్పినదియు తానే. కావున ఉపదేశపద్యములు శృంగారవర్ణనకై అతికించినవి కావు. తరువాతి ఈర్ష్యకు అవి బీజము. వానిని తీసివేసిన యెడల రాధ అకారణముగా అలిగిన గయ్యాళి యగును. గ్రంథనామమునందలి సాంత్వనమునకు అవసరమే యుండదు. నీతికొఱకై కత్తిరించినవాడు నాయిక శీలమునే చెఱచినవాడగును.

కావ్యమంతయు ఒకే యెత్తున నున్నదని చెప్పరాదు. ప్రబంధకవు లందఱివలెనే ఈమెయు వాడుకపడిన వర్ణనలను పేర్చినది. కొన్ని సంభోగపద్యములు ముందు చెప్పినదానినే మరల చెప్పును. వానికి పునరుక్తిదోషము చెప్పవచ్చును. అది విమర్శకుడు చేయదగిన ఆక్షేపణ. కొత్వాలు చేయదగినది గాదు.

1854లో స్థాపితమై, వేదవేదాంగములను పురాణములను అచ్చువేసి పేరుపొందిన ముద్రాక్షరశాలకు ఈ యొక్క పుస్తకమును వదలుకొనుట సులభమే. వావిళ్లవారట్లు చేయలేదు. 1927లో వారి కార్యస్థానమును సోదాచేసి ప్రతులను మరల పట్టుకొనిరనగా, పుస్తకము వారి యలమరలలో బ్రతికియే యున్నదని తేలుచున్నది. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పూనికచే నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారే దానిని మరల ముద్రించిరి.

చట్టము మాత్రము మెల్లగా కదలినది. సాహిత్యకళాప్రయోజనము గల గ్రంథములకు మినహాయింపు 1969లో గాని చేరలేదు. 1964లో హిక్లిన్ సూత్రమును కైకొన్న సుప్రీముకోర్టు 2014లో దానిని త్రోసిపుచ్చి, కృతిని సమగ్రముగా చూడవలెనని, నాటి సమాజప్రమాణమును బట్టి నిర్ణయింపవలెనని చెప్పినది. 2024 జూలై నుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చినది. అందు ఈ యపరాధము 294వ సెక్షనున నున్నది.

ఏఱిన పద్యముల ఇంగ్లీషుతో దోషియైన ఈ కావ్యము 2011లో ఇంగ్లీషుననే పుస్తకమై పెంగ్విన్ సంస్థవారిచే వెలువడినది. తెలుగు చదువరి మాత్రము 1910 నాటి పాఠమునే పట్టుకొని, పీఠికతో మొదలుపెట్టి, ఉపదేశపద్యములను దాటవేయక చదువవలెను.