చారెడు కడుపు

మా అక్క అన్నం తింటుంటే పక్కన కూర్చుని చూడడం నాకు ఇష్టమైన పని. హనుమకొండలో వాళ్ళింటికి ఆదివారం వెళ్తే కొర్రమట్ట పులుసు తప్పకుండా ఉంటుంది. ఆమె ముందు మాత్రం పెద్ద పళ్ళెం ఉండదు. టీ కప్పు కింద పెట్టే సాసరంత స్టీలు పళ్ళెం ఒకటి ఉంటుంది. అందులో చేపముక్కలు రెండు, ముద్దపప్పు రెండు చెంచాలు, అంచున చెంచాడు అన్నం. తినడం కూడా ఆ వరసలోనే. ముల్లు ఏరి, మూడు వేళ్ళ కొసలతో రేగుపండంత కండ తీసి, పులుసులో తిప్పి నోట్లో పెట్టుకుంటుంది. వెంటనే మణికట్టును మోకాలికి ఆనిస్తుంది. దవడ నిమ్మళంగా ఆడుతుంది, ఇరవైసార్లో పాతికసార్లో. నోట్లోది పూర్తిగా మెత్తబడి దిగేదాకా ఆ చెయ్యి మోకాలి మీది నుంచి లేవదు. ఎనిమిదో ముద్దకో తొమ్మిదో ముద్దకో ముక్కు చెమ్మగిల్లుతుంది. "గంట గొట్టింది తమ్మీ" అని లేస్తుంది. అప్పటికి 25 నిమిషాలు. పళ్ళెంలో పప్పు కాస్త, అన్నం మొత్తం మిగిలే ఉంటాయి.

బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి కడుపు నిండిన కబురు ఇట్లాగే అందుతుంది. ముక్కు కారుతుంది, లేదంటే ఎక్కిళ్ళో తుమ్మో వస్తుంది. మనకు తెలిసిన 'కడుపు నిండింది' అన్న బరువు వచ్చేదాకా ఆగితే ఆలస్యమే. ఆ మీద వేసిన ఒక్క ముద్ద ఛాతీలో రాయిలా నిలబడుతుంది. మా అక్క ఆ చెమ్మను కనిపెట్టడానికి మూడు నెలలు పట్టింది, దాని మాట వినడానికి ఇంకో మూడు నెలలు.

2022 జూన్‌లో హైదరాబాద్‌లో ఆమెకు స్లీవ్ ఆపరేషన్ జరిగింది. అప్పటికి బరువు 112 కిలోలు. షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, అన్నీ ఉన్నాయి. పదేళ్ళు రకరకాల పథ్యాలు చేసింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఇప్పుడు ఆమెను చూసి "ఆపరేషన్ చేయించుకున్నది, అల్కగ తగ్గింది" అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. ఆమె చేస్తున్న పని ఎంత సున్నితమైందో దగ్గర నుంచి చూశాను గనక, చూసింది చూసినట్టు చెప్పాలనిపించింది.

ముందు సర్జన్ చేతి పని చెప్పాలి, ఎందుకంటే అక్క పనితనం దాని మీదే నిలబడింది. మామూలు కడుపు పెళ్ళి భోజనం నాడు లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. స్లీవ్‌లో దాన్ని చొక్కా చెయ్యిలాంటి సన్నని గొట్టంగా మారుస్తారు. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, కెమెరా లోపలికి పంపి చేస్తారు. నోటి గుండా మెత్తని గొట్టం ఒకటి కడుపులోకి దించుతారు. దాని పేరు బూజీ. తరచుగా వాడేది 36 ఫ్రెంచ్ కొలతది, అంటే 12 మిల్లీమీటర్ల లావు. దర్జీ కొలబద్ద పెట్టి గుడ్డ కత్తిరించినట్టు, దాని వెంబడి స్టేప్లర్ నడుపుతారు. కడుపు కింది ద్వారానికి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల ఎడం వదిలి మొదలుపెట్టి పైకి వెళ్తారు. స్టేప్లర్ ఒక్క నొక్కుతో అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు టైటానియం పిన్నులు వేసి, నడుమ కత్తితో కోస్తుంది. కింద కడుపు గోడ మందం, అక్కడికి ఎత్తు పిన్నులు. పైకి పోయేకొద్దీ పలచన, అక్కడికి పొట్టివి. పిన్ను ముడుచుకున్నాక ఇంగ్లిష్ 'బి' అక్షరంలా అవుతుంది. ఆ రెండు కన్నాల్లోంచి రక్తం పారుతుంది గనక కుట్టు అంచు చచ్చిపోదు. నాకు అన్నిటికంటే అబ్బురం అనిపించింది ఆ వంపే. నెత్తురు ఆపాలి, మొత్తం ఆపకూడదు.

1908లో బుడాపెస్ట్‌లో హ్యూమర్ హుల్ట్ల్ అనే సర్జన్ వాడిన తొలి స్టేప్లర్ కిలోల బరువుండేదట. అక్కడి నుంచి చేతివేలంత సన్నటి కన్నంలో దూరే పనిముట్టు దాకా వచ్చారు. పనిముట్టు మారినా చెయ్యి తప్పకూడని చోట్లు రెండు ఉన్నాయి. కడుపు వంపు తిరిగే చోట బిగించి కోస్తే గొట్టం ఇరుకై తిన్నది దిగదు. పైన అన్నవాహిక దగ్గర మరీ ఆనించి కోస్తే కుట్టు కారే ప్రమాదం ఉంది. అక్కడ ఒక సెంటీమీటరు వదలడంలోనే అనుభవం తెలుస్తుంది. చివరికి కడుపులో నాలుగింట మూడొంతులకు పైగా బయటికి వస్తుంది. మిగిలేది వంద, నూటయాభై మిల్లీలీటర్ల చోటు. మన లెక్కలో చారెడు. పోయిన భాగంలో కడుపు పైకొసన గుమ్మటంలా ఉండే చోటు ఉంటుంది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా అక్కడే పుడుతుంది. జపాన్‌లో కోజిమా, కంగావా బృందం దాన్ని గుర్తించింది 1999లో. అందుకే మొదటి నెలల్లో అక్కకు ఆకలి అనే మాటే గుర్తుండేది కాదు. ఆకలి లేకపోయినా తినాలి, అదో కొత్త బాధ.

సర్జన్ పని గంటన్నరలో అయిపోయింది. మూడో రోజు కాజీపేట స్టేషన్‌లో బావ ఆమెను చెయ్యి పట్టి దించాడు. ఆ సాయంత్రం నుంచి పని అక్కది.

అమ్మ అటక మీది నుంచి ఉగ్గుగిన్నె దించింది. అక్క పిల్లలిద్దరికీ ఉగ్గు పోసిన వెండి గిన్నె అది. దగ్గుమందు సీసా మూతతో కొలిస్తే సరిగ్గా మూడు మూతలు పట్టింది, 30 మిల్లీలీటర్లు. ఒక గిన్నె పావుగంటలో తాగాలి. కొబ్బరినీళ్ళు, పలచటి చల్ల, పప్పు మీది తేట, గుడ్డలో వడగట్టిన కోడి చారు. రెండు వారాలు ఇవే. గిన్నె ముక్కు దగ్గర పెదవి ఆనించి చుక్కలు చుక్కలుగా లాగుతుంటే, ఎదురుగా కూర్చున్న అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మనకు పెట్టడమంటే ప్రేమ. ఎదుటి మనిషిని పలకరించడమే "తిన్నవా?" అని కదా. కూతురికి చెంచాడు పోసి ఆగిపోవడం అమ్మకు ఆపరేషన్ కన్నా కష్టమైంది. తరవాత రెండు వారాలు తైదంబలి, చిదిమిన పెసరపప్పు, పెరుగు, మెత్తగా వండిన గుడ్డు. ఆ మీద చేప, మెల్లగా కోడి.

అన్నమే చివరికి వచ్చింది. మెతుకులు ఒకదానికొకటి అంటుకుని గొట్టంలో ముద్దగా నిలబడతాయి. రెండో నెలలో ఒకనాడు పెళ్ళికి పోయే తొందరలో నిలబడి నాలుగు ముద్దలు గబగబా మింగింది. ఆటోలో ఛాతీ పట్టేసింది, నోట్లోకి నురగ వచ్చింది, దిగి రోడ్డు పక్కన కక్కింది. ఆ రోజే చేత్తో తినడం మానేసింది. చేత్తో కలిపితే ముద్ద తెలియకుండానే పాత కొలతకు వస్తుందని ఆమె కనిపెట్టింది. ఏడాది పాటు చెంచాతోనే తిన్నది, ఇంట్లో, పెళ్ళిళ్ళలో, గుడిలో ప్రసాదం దగ్గర కూడా. వేళ్ళు పాత ముద్దను మరిచిపోయాయని నమ్మకం కుదిరాక మళ్ళీ చెయ్యి పెట్టింది. నలభై ఏళ్ళుగా ఉసిరికాయంత ముద్ద చేసిన చెయ్యి రేగుపండు దగ్గర ఆగడం నేర్చుకుంది. ఇట్లాంటి సాధన వీణ పట్టినవాళ్ళలోనే చూశాను.

పళ్ళెం పక్కన చెంబు కూడా పోయింది. మనింట్లో నీళ్ళు పెట్టకుండా అన్నం పెడితే అమర్యాద. ఈ కడుపుకు రెండూ ఒకేసారి పట్టవు. నీళ్ళు తాగితే తిండికి చోటుండదు, పైగా తిన్నది తొందరగా జారిపోతుంది. తిన్న అరగంటకు గానీ గుక్క పట్టదు. అట్లా అని నీళ్ళు తగ్గితే ఒళ్ళు ఎండిపోతుంది గనక రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి కావాలి. వంటగదిలో, బండి డిక్కీలో, మంచం పక్కన ఒక్కో సీసా. రోజంతా గుటక గుటకగా లెక్క సరిపెడుతుంది.

ఇక మాంసకృత్తుల లెక్క. రోజుకు 60 గ్రాములకు తగ్గొద్దని డైటీషియన్ చెప్పింది. చారెడు కడుపులో 60 గ్రాములు సర్దడం రైలు పెట్టెలో పెళ్ళి సామాను సర్దడమే. గుడ్డు ఒకటి ఆరు గ్రాములు. గ్లాసు పాలు ఆరు. మన పప్పుచారు ఎంత తాగినా నీళ్ళే ఎక్కువ, అందుకని పప్పును గట్టిగా వండుతుంది. ఎండు మీల్‌మేకర్‌లో వంద గ్రాములకు యాభై గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. కానీ ఉండలుగా తింటే రబ్బరులా అడ్డం పడుతుంది. అక్క వాటిని వేణ్నీళ్ళలో నానబెట్టి, రెండు అరచేతుల మధ్య నీరు మొత్తం పోయేదాకా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పుతుంది. ఉల్లి, టమాట, అల్లంవెల్లుల్లి వేసి ఖీమాలా వండి చివర పుదీన చల్లుతుంది. బావ దాన్ని మటన్ ఖీమా అనుకుని రెండోసారి పెట్టుకున్న రోజు ఆమె ముఖం చూడాలి. జొన్నరొట్టె మీద ప్రాణం ఆమెకు. ఎండు రొట్టె దిగదు కాబట్టి అరచేతిలో సగమంత తుంచి కోడి పులుసులో పది నిమిషాలు నాననిస్తుంది. రొట్టె రుచి పోలేదు, గొట్టానికి అడ్డమూ లేదు.

పోపులడబ్బా పక్కనే ఇంకో పోపులడబ్బా ఉంది ఆ ఇంట్లో. మూత తీస్తే ఏడు చిన్న గిన్నెల్లో ఆవాలు, జీలకర్ర ఉండవు, మాత్రలుంటాయి. ఐరన్, కాల్షియం, బి12, విటమిన్ డి, మల్టీవిటమిన్. ఇవి జీవితాంతం. బి12 ఒంటికి పట్టాలంటే కడుపు గోడ నుంచి ఊరే ఒక పదార్థం కావాలి, ఆ గోడ ఎక్కువ భాగం పోయింది. ఐరన్‌కు ఆమ్లం కావాలి, అదీ తగ్గింది. అందుకే ఐరన్ పొద్దున నిమ్మరసంతో, కాల్షియం రెండు గంటల ఎడంతో. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఐరన్‌కు దగ్గర్లో చాయ్ ఉండకూడదు. చాయ్ వేళ జరపడం ఒక్కటే తనను నిజంగా ఏడిపించిందని అక్క అంటుంది. ఇరుగుపొరుగుతో చాయ్ పదకొండింటికి, ఇప్పటికీ.

నాలుగో నెలలో జుట్టు ఊడింది. దువ్వెన నిండా, దిండు నిండా. బరువు వేగంగా తగ్గినప్పుడు వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశకు వెళ్ళి రాలతాయని, కొన్ని నెలలకు తిరిగి వస్తాయని డాక్టర్ ముందే చెప్పి ఉన్నాడు. చెప్పినంత మాత్రాన బాధ తగ్గదు. ఆ యేడు సద్దుల బతుకమ్మకు కొప్పు పెట్టడానికి లేక జడ కొసను లోపలికి మడిచి పూలు చుట్టింది. ఆట అయ్యాక ఆడవాళ్ళు సద్దులు పంచుకుంటుంటే ప్రతి చేతి నుంచీ ఒక ముద్ద తీసుకుంది. నువ్వుల సద్దిలోంచి చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది స్టీలు డబ్బాలో పెట్టింది. ఎవరినీ కాదనలేదు, ఎవరి మనసూ నొప్పించలేదు. మలీద మాత్రం నాలుకకు తగలనిచ్చింది, అంతే. తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే గుండెదడ, చెమటలు, తలతిరుగుడు వస్తాయి. కడుపుకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు ఇది మరీ ఎక్కువ.

మా వైపు మనిషి బరువు తూచే పెద్ద తక్కెడ ఒకటుంది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కితే, మనిషిని తూచి అంత బెల్లం ఇస్తాం. ఆ బెల్లాన్నే బంగారం అంటాం. 2022 ఫిబ్రవరి జాతరలో, ఆపరేషన్‌కు నాలుగు నెలల ముందు, అక్క 112 కిలోల బంగారం ఇచ్చింది. తూకం వేసే కుర్రాడు ముద్ద మీద ముద్ద పెడుతుంటే వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె తల వంచుకుని కూర్చున్న తీరు నాకింకా గుర్తు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. 74 దగ్గర ముల్లు నిలిచింది. నేను ఊరికే లెక్క వేశాను, 38 కిలోల బెల్లం తేడా. ఆమె లెక్క వేయలేదు. ప్రసాదం బెల్లంలోంచి గోరంత గిల్లి బుగ్గన పెట్టుకుని, కరిగేదాకా క్యూలో మాట్లాడకుండా నడిచింది.

బరువు అక్కడే ఆగిపోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఎక్కువగా తగ్గేది మొదటి ఏడాది, ఏడాదిన్నర. తరవాత శరీరం కొంత వెనక్కి లాక్కుంటుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి 4,000 మందికి పైగా మనుషులను గమనించిన అధ్యయనం ఉంది. అప్పటి ఆపరేషన్లు వేరు, స్లీవ్ కాదు. వాళ్ళలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ మొదట బాగా తగ్గి, కొంత పెరిగి, 20 ఏళ్ళకు సగటున మొదటి బరువు కన్నా 18 శాతం తక్కువ దగ్గర నిలిచారు. ఆపరేషన్ లేనివాళ్ళతో పోలిస్తే మరణాలూ తగ్గాయి. నిరుడు అక్క బరువు 77కు వచ్చింది. ఆమె కంగారు పడలేదు. వారం రోజులు ఏం తిన్నదీ పిల్లల పాత నోటు పుస్తకంలో రాసింది. సాయంత్రం చాయ్‌తో సకినాలు రెండు, మూడు అవుతున్నాయని తేలింది. కరకరలాడేవి నోట్లోనే పొడై జారిపోతాయి గనక గంట కొట్టదు. సకినాల డబ్బా పై అరకు ఎక్కింది, ఆ వేళకు ఉడికించిన పెసర్ల గుడాలు వచ్చాయి.

ఈ మధ్య ఆమె పట్టు జాకెట్ ఒకటి తిరగేసి చూపించింది. దర్జీకి ఆపరేషన్ సంగతి ముందే చెప్పిందట. అతను గుడ్డ కత్తిరించలేదు. ఆమె తగ్గినప్పుడల్లా పక్క కుట్టుకు లోపలగా అర అంగుళం ఎడంతో ఇంకో కుట్టు వేస్తూ వచ్చాడు. ఒక్కో పక్కన అయిదు వరసలున్నాయి, చేతి కిందుగా దగ్గర దగ్గరగా, నడుము దగ్గర విచ్చుకుని. అన్నిటికన్నా లోపలి వరసను పోయిన నెల విప్పించింది. దారం పోయింది, సూది కన్నాలు మాత్రం పట్టు మీద వరసగా కనిపిస్తున్నాయి. ఆ వరస మీద వేలు నడిపి, "ఇది మల్ల ఏసుకోవచ్చు, గుడ్డ ఖరాబ్ కాలే" అని మడతపెట్టి బీరువాలో పెట్టింది.